అయ్యో అనకూడని ఉద్యోగం

ఆ వైద్య విశ్వవిద్యాలయం మూడో అంతస్తులో, పరిశోధన విభాగంలో పనిచేసేవాళ్ళు ఆమెను చాటుగా గడియారమ్మ అనేవారు. చాటు అని వాళ్ళు అనుకోవడమే గానీ ఆమెకు ఆ సంగతి తెలుసు. తెలిసీ ఏమీ అనలేదు. పది గంటలకు రమ్మన్న మనిషి పదీ అయిదుకు వస్తే ఆమె ఫారంలో పదీ అయిదనే రాసేది. పది అని సర్దేయడం ఆమెకు చేతకాదు. ప్రశ్నలు మొదలైన సమయం ఒక గడిలో, ముగిసిన సమయం పక్క గడిలో. ఆ రెండో గడి ఖాళీగా ఉన్న కాగితం తొమ్మిదేళ్ళలో ఒక్కటీ ఆమె బల్ల దాటి వెళ్ళలేదు.

ఉద్యోగం పేరు స్టడీ కోఆర్డినేటరు. పక్షవాతం వచ్చి కోలుకుంటున్న పెద్దవాళ్ళకు ఒక కొత్త మాత్ర పనిచేస్తుందో లేదో తేల్చే పరిశోధన అది. సగంమందికి మందున్న మాత్ర, సగంమందికి మందు లేని మాత్ర. ఎవరికి ఏది అందుతోందో మింగేవాళ్ళకూ తెలియదు, చేతికిచ్చే ఆమెకూ తెలియదు, పరిశోధన నడిపించే ప్రొఫెసరుకూ తెలియదు. నాలుగు వారాలకోసారి వాళ్ళు వచ్చేవారు. నడవాలో నేలమీద అతికించిన పసుపు టేపు వెంబడి ఆరు నిమిషాలు నడిచేవారు. తర్వాత చిన్న గదిలో ఆమెకు ఎదురుగా కూర్చుని పద్దెనిమిది ప్రశ్నలకు జవాబు చెప్పేవారు. గత ఏడు రోజుల్లో నిద్ర ఎలా పట్టింది, ఆకలి వేసిందా, మనసెలా ఉంది, బయటికి ఎన్నిసార్లు వెళ్ళారు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. సున్నా అంటే అస్సలు బాగాలేదని, నాలుగంటే చాలా బాగుందని.

ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు శిక్షణ ఇచ్చిన పెద్దావిడ మొదటి రోజే ఆమెకు ఒక మాట చెప్పింది.

"ఎదుటివాళ్ళు ఏడ్చినా అయ్యో అనకూడదు. నవ్వినా బాగుందనకూడదు. నీ నోట్లోంచి రావలసింది ఒకటే మాట, సరే అని. అదీ అన్ని జవాబులకూ ఒకేలాగ. నువ్వు మొహం చిన్నబుచ్చుకున్నావనుకో, తర్వాతి ప్రశ్నకి వాళ్ళు నీకోసం జవాబు చెబుతారు. అప్పుడు మనం కొలిచేది వాళ్ళ జబ్బుని కాదు, నీ మొహాన్ని."

ఆ విద్య ఆమెకు తేలిగ్గానే అబ్బింది. జవాబు వస్తున్నంతసేపూ తల వంచి కాగితం మీద చూపు నిలిపేది. గదిలో ఎవరు కన్నీళ్ళు పెట్టుకున్నా చేతిరుమాళ్ళ పెట్టె వాళ్ళవైపు జరిపి, "సరే" అని, తర్వాతి ప్రశ్న చదివేది. మనిషి కాదు, రాయి అని కొందరు అనుకున్నారు. అనుకోనీ అని ఆమె ఊరుకుంది.

అలాంటి రోజుల్లో ఆ జబ్బు వచ్చిపడింది. మొదట వార్తల్లో, తర్వాత ఊళ్ళో, తర్వాత అదే ఆసుపత్రి కింది అంతస్తులో. ఒక సోమవారం విశ్వవిద్యాలయం నుంచి నాలుగు వాక్యాల ఉత్తరువు వచ్చింది. ఆ జబ్బుకు సంబంధించినవి తప్ప తక్కిన పరిశోధనలన్నీ ఉన్నచోట ఆపేయాలి. కొత్తవాళ్ళను చేర్చుకోకూడదు. పాతవాళ్ళను ఆసుపత్రికి రప్పించకూడదు. సిబ్బంది వార్డులకు వెళ్ళాలి.

మర్నాడే పరీక్షల ల్యాబువాళ్ళు ఇద్దరు, కళ్ళు తప్ప ఏమీ కనిపించని దుస్తుల్లో, బండి తోసుకుంటూ వచ్చారు. మూలనున్న పెద్ద ఫ్రీజరు తమకు కావాలన్నారు. అందులో నాలుగేళ్ళుగా సేకరించిన రక్తం సీసాలు ఉన్నాయి, ఆరువందల పన్నెండు.

"ఇవి ఎక్కడ పెట్టమంటారు?" అందామె.

"ఎక్కడైనా చోటుంటే చూసుకోండి మేడమ్. మాకు సాయంత్రానికి వెయ్యి శాంపిళ్ళు వస్తున్నాయి."

తప్పు వాళ్ళదీ కాదు. ఆమె మంచుపెట్టెల్లో సీసాలు సర్దుకుని పక్క భవనంలో ఒకరి ఫ్రీజరులో రెండు అరలు అడుక్కుంది. మిగిలినవాటికి చోటు దొరకలేదు. నూటనలభై సీసాల నంబర్లు "నష్టం" అన్న కాలమ్‌లో వరసగా రాసి సంతకం పెట్టింది. ఆమెతో పనిచేసే నర్సు అదే రోజు వార్డుకు వెళ్ళిపోయింది. వెళ్తూ, "అక్కా, నా కుర్చీ ఎవరికీ ఇవ్వకు" అంది. ఇవ్వడానికి ఎవరున్నారు? ప్రొఫెసరు కూడా తెల్లకోటు మార్చుకుని ఐసీయూలోకి వెళ్ళారు.

మూడో అంతస్తులో ఆమె ఒక్కతే మిగిలింది. మాత్రలు వేసుకుంటున్న నలభై మూడుమందిని గాలికి వదిలేయకూడదని, పరిశోధనల్లో రోగుల మేలు చూసే నైతిక సంఘం పట్టుబట్టింది. మనుషుల్ని కళ్ళతో చూడలేరు గనక వారానికోసారి ఫోన్లో పలకరించాలని, పద్దెనిమిది ప్రశ్నలూ అందులోనే అడగాలని తీర్మానించింది. ఫైళ్ళు గది దాటకూడదు కాబట్టి ఆమె రోజూ ఆసుపత్రికి రావలసిందే. గేటు దగ్గర వాచ్‌మన్ ఆమె నుదుటికి జ్వరం కొలిచే పరికరం గురిపెట్టి చూసేవాడు.

"ముప్పయ్యారు పాయింట్ రెండు. రోజూ ఇదే మేడమ్. మీ వేడి కూడా టైము తప్పదు."

రోజు మొత్తంలో ఎదుటి మనిషి ఆమెతో మాట్లాడే మాటలు అవే.

* * *

నంబరు ముప్పయ్యొకటి దర్జీ. పాతికేళ్ళు మూడు మిషన్ల కొట్టు నడిపినవాడు. పక్షవాతంతో కుడిచెయ్యి చచ్చుబడ్డాక కొట్టు మూసేసి, దాని వెనక గదిలోనే ఒక్కడూ ఉంటున్నాడు. అందరూ పిలిచినట్టే ఆమె కూడా మాస్టారూ అనేది. ఆయన వంతు గురువారం పది గంటలు.

"నంబరు ముప్పయ్యొకటేనా అండీ?"

"ముప్పయ్యొకటే తల్లీ. జైల్లో వేసినా ఇంతకన్నా మర్యాదగా పిలుస్తారేమో!"

"రూలు మాస్టారూ. మొదట నంబరు అడగాలి. గత ఏడు రోజుల్లో ఎన్నిసార్లు బయటికి వెళ్ళారు?"

"పోలీసులు పట్టుకుంటే నువ్వొచ్చి విడిపిస్తావా?"

"సున్నా వేస్తున్నాను. గత ఏడు రోజుల్లో మీ మనసెలా ఉంది?"

"సున్నాకి కింద ఏమీ లేదా?"

"లేదండీ."

"అయితే అదే వేసుకో. కొట్టు మూసి రెండేళ్ళయినా పొద్దున్నే వెళ్ళి ఆ మెట్టుమీద కూర్చునేవాణ్ణి. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు పలకరించేవారు. ఇప్పుడు వీధిలో కుక్క కూడా లేదు. నిన్న ఏమీ తోచక కత్తెర తీశాను. ఆ కత్తెర నా పెళ్ళికన్నా ముందుది. కుడిచేత్తో పట్టుకుందామని చూస్తే జారి కాలిమీద పడింది."

"అయ్యో!" అందామె.

తల వంచుకోవడానికి ఎదురుగా కాగితం ఉంది. గొంతు వంచుకోవడం ఎలాగో మాత్రం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

మాస్టారు, "దెబ్బేం తగల్లేదులే" అన్నాడు. తర్వాతి ప్రశ్నకు రెండు చెప్పాడు. ఆ తర్వాతదానికి మూడు.

ఫోన్ పెట్టేశాక ఆమె ఆ "అయ్యో" గురించి ఒక నిమిషం ఆలోచించింది. నియమం తప్పితే దానికో ఫారం ఉంది, అయిదు పనిదినాల్లో నింపాలి. ఒక్క మాటకు ఫారమేమిటి అనిపించింది. వద్దులే అనుకుంది. తొమ్మిదేళ్ళలో ఆమె వద్దులే అనుకోవడం అదే మొదలు.

వారాలు గడిచాయి. మాస్టారి మార్కులు పెరిగాయి. మనసుకు రెండు, తర్వాత మూడు, తర్వాత నాలుగు. పద్దెనిమిదో ప్రశ్న దగ్గర మాత్రం ప్రతిసారీ పేచీ వచ్చేది. గత ఏడు రోజుల్లో మనసు విప్పి మాట్లాడడానికి మీకు ఎవరైనా ఉన్నారా, అన్నది ఆ ప్రశ్న.

"ఉన్నారు. నాలుగు వేసుకో."

"ఎవరండీ?"

"ఎవరంటే? పొద్దుటినుంచీ ఎవరితో మాట్లాడుతున్నాను?"

"నన్ను లెక్కపెట్టకూడదు మాస్టారూ. పరిశోధన సిబ్బందితో మాట్లాడింది లెక్కలోకి రాదని పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం రాసినవాడు ఎవరితోనూ మాట్లాడడనుకుంటా. సరే, పక్కింటావిడ ఉంది. రోజూ గిన్నె పెట్టి పోతుంది. ఆవిడ పేరున నాలుగు వేసుకో."

ముగిసిన సమయం గడి నింపి, కలం మూత పెట్టి, అప్పుడు ఆమె మాటల్లోకి దిగేది. ఫారంలో పదీ ఇరవై నాలుగు అని ఉండేది. నిజంగా ఫోన్ పెట్టేసరికి పదకొండు దాటేది. ఆ ముప్పావుగంట ఏ కాగితం మీదా లేదు. ఆయన ఆమెకు మాస్కు కుట్టడం నేర్పాడు. మడత ఎటు వేయాలో, కుట్టు ఎంత దూరంలో పడాలో ఫోన్లోనే చెప్పేవాడు.

"గుడ్డ ఏ రంగు?"

"నీలం."

"దారం?"

"తెలుపు. అదే ఉంది ఇంట్లో."

"నీలం మీద తెల్లదారమా? నా దగ్గర నేర్చుకున్నావని ఎక్కడా చెప్పకు. నా పరువు పోతుంది."

ఆమె పకపకా నవ్వింది. నవ్వు ఖాళీ నడవాలోకి వెళ్ళి తిరిగొచ్చింది. తన నవ్వు అంత గట్టిగా ఉంటుందని ఆమెకు గుర్తే లేదు.

* * *

ఇంటి దగ్గర ఆమెకు రెండు గదులు, ఒక కిటికీ. కిటికీలోంచి ఎదురు భవనం మేడ మీద ఒకాయన సాయంత్రం పూట గోడ వెంబడి గుండ్రంగా నడవడం కనిపించేది. ఎన్ని చుట్లు తిరిగాడో ఆమె లెక్కపెట్టేది, అలవాటుకొద్దీ. నాలుగు రోజులు ఆయన కనిపించలేదు. అయిదోరోజు ఆ మేడ మీద ఎవరో దుప్పట్లు ఆరేశారు. ఆ తర్వాత ఆమె ఆ కిటికీ దగ్గర కూర్చోవడం మానేసింది.

చెల్లెలు ఊరికి ఆ చివర ఉంటుంది, మొగుడితో, ఇద్దరు పిల్లలతో. రెండు రోజులకోసారి ఫోన్ చేసేది.

"తిన్నావా అక్కా?"

"తిన్నాను."

"ఏం తిన్నావు?"

"ఏదో ఒకటి."

"నీతో మాట్లాడడంకంటే గోడతో మాట్లాడడం నయం, గోడకి కనీసం చెవులుంటాయంటారు. అదే ఆ నంబర్లతో అయితే గంటలు గంటలు మాట్లాడతావు."

"అది ఉద్యోగం."

"మరి నాక్కూడా ఒక నంబరివ్వు. నలభై నాలుగు ఖాళీయేగా?"

చెల్లెలు నవ్వింది. వెనక నుంచి పిల్లలు కొట్టుకుంటున్న గోల, "ఒరేయ్ దాన్ని వదులు" అంటున్న మరిది గొంతు. "ఉండు అక్కా, మళ్ళీ చేస్తాను" అని పెట్టేసింది. ఆమె ఫోన్‌ను దిండు పక్కన పెట్టుకుని, గురువారానికి ఇంకా ఎన్ని రోజులున్నాయో చూసుకుంది. మూడు.

అయిదో నెలలో ఒక మధ్యాహ్నం ప్రొఫెసరు ఐసీయూ బయట నుంచి ఫోన్ చేశారు. గొంతు బొంగురుపోయి ఉంది. మాస్కు తాళ్ళు ఒరుసుకుని చెవుల వెనక పుళ్ళయ్యాయన్నారు. అంతలోనే ఆ గొంతుకు ఎక్కడినుంచో ఊపిరి వచ్చింది.

"మొత్తం మార్కుల పట్టిక పంపించారు కదండీ, ఇప్పుడే చూశాను. ఊరంతా దిగులుతో చచ్చిపోతుంటే మనవాళ్ళు కోలుకుంటున్నారు! మొదటి నాలుగేళ్ళలో లేని పెరుగుదల ఈ అయిదు నెలల్లో ఉంది. ఎవరికి ఏ మాత్రో విప్పి చూడలేం గానీ, సగంమందికి బ్రహ్మాండంగా పనిచేస్తేనే సగటు ఇంత లేస్తుంది. వచ్చే నెల ఈ నివేదిక పెట్టామంటే నిధులు ఆపరు. పరిశోధన బతుకుతుంది. మన ఉద్యోగాలూ బతుకుతాయి."

"అవును సర్" అందామె.

"పొద్దుటినుంచి ముగ్గురు పోయారండీ నా చేతుల్లో. ఇవాళ విన్న మంచి మాట ఇదొక్కటే."

* * *

తర్వాతి గురువారం పది గంటలకు ఫోన్ ఎత్తింది మాస్టారు కాదు. ఆడగొంతు.

"గురువారం మేడమ్ గారు మీరేనా? నేను పక్కింటిదాన్ని. ఉండండి, గడ్డం గీసుకుంటున్నాడు. మీ ఫోన్ వచ్చే రోజు కదా, పెళ్ళికొడుకు ముస్తాబు! ఇస్త్రీ చొక్కా కూడా వేస్తాడు. మీకు కనబడదని చెప్పినా వినడు."

ఆమె చిరునవ్వు నవ్వింది. "మిగతా రోజుల్లో బాగుంటున్నారా?"

"ఎక్కడ బాగు తల్లీ! శుక్రవారం నుంచి మంచం దిగడు. నేను పెట్టిన గిన్నె పెట్టినట్టే ఉంటుంది, సగం రోజులు. మొన్న సోమవారం తలుపు కొట్టి కొట్టి నా చెయ్యి నొప్పెట్టింది. మళ్ళీ మీ దగ్గరేమో నాలుగు, నాలుగు అని గట్టిగా చెబుతుంటాడు, గోడకవతల నాకు వినబడుతుంది. ఏమిటండీ ఆ నాలుగు?"

ఆమె చేతిలో కలం బల్లమీద పెట్టేసింది. అడుగుల చప్పుడు, ఒక కాలు ఈడుస్తూ. తర్వాత మాస్టారి గొంతు.

"ముప్పయ్యొకటి హాజరు!"

"మాస్టారూ, మీరు నాకు అబద్ధాలు చెబుతున్నారా?"

మాస్టారు పక్కింటావిడను "నువ్వెళ్ళమ్మా" అని పంపించేసి, తలుపు వేసి వచ్చాడు.

"ఒకసారి నీకు నిజం చెప్పాను తల్లీ. నువ్వు అయ్యో అన్నావు. ఆ తర్వాత నీ గొంతు పడిపోయింది. పుల్ల విరిచినట్టు మాట్లాడే పిల్లవి, మాట తడబడింది. ఈవిడ కూడా నాలాగే ఒక్కతే ఉన్నట్టుంది, నా ఏడుపు ఈవిడ నెత్తిన ఎందుకు అనుకున్నాను. రెండు అని చెబితే కాస్త తేరుకున్నావు. మూడంటే హుషారుగా సరే అన్నావు. నాలుగన్న రోజున నవ్వావు."

"నేను అన్నిటికీ ఒకేలాగా సరే అంటాను."

"గదిలో అనేదానివి. ఫోన్లో అనవు. బట్ట పట్టుకుంటే తడిస్తే ఎంత కుంచించుకుపోతుందో చెప్పేవాణ్ణి, గొంతు పట్టుకోలేనా?"

ఆ రోజు ఆమె ప్రశ్నలు అడగలేదు. మొదలైన సమయం పది అని రాసి, కింద అడ్డగీత కొట్టింది.

మధ్యాహ్నం నలభై మూడు ఫైళ్ళూ బల్లమీద వేసుకుంది. బీరువాలో వరసగా ఉన్నవాటిని ఎప్పుడూ అలా పరిచింది లేదు. ఒక్కొక్కరి మొదటి ఫోన్ కాగితం, రెండోది, మూడోది పక్కపక్కన పెట్టి చూసింది. స్కూలు టీచరుగా చేసినావిడ, మొదటి ఫోన్లో సున్నాలు, నాలుగో ఫోన్ నుంచి మూళ్ళు. బస్సు నడిపినాయన, అంతే. తమ్ముణ్ణి ఆ జబ్బుకే పోగొట్టుకున్నావిడ, ఆ వారమే మనసుకు మూడు చెప్పింది. ఆ వారం తను ఏమందో ఆమెకు గుర్తుంది. "అయ్యో, అలాగా" అంది. తర్వాత చాలాసేపు మాట్లాడింది.

పెరిగింది సగంమందికి కాదు. దాదాపు అందరికీ పెరిగింది. మందున్న మాత్రకూ, లేని మాత్రకూ తేడా లేకుండా. ఆ విషయం సగటు చూసిన ప్రొఫెసరుకు తెలియదు. ఒక్కొక్క గొంతూ విన్న తనకు తెలియాలి. తెలియలేదు.

నియమం తప్పిందని తెలిపే ఫారం నింపడానికి అయిదు పనిదినాల గడువు.

మొదటి రోజు ఆమె ఫారం తీసి తేదీ రాసింది. రెండో రోజు మాస్టారి ఒక్కడి సంగతి రాస్తే చాలదా అని ఆలోచించింది. ఒక్క నంబరు పోతుంది, నలభై రెండు మిగులుతాయి, నివేదిక నిలబడుతుంది. మూడో రోజు అసలు రాయకపోతే ఏమవుతుందని ఆలోచించింది. ఏమీ కాదు. ఆ మాటలు ఎవరూ రికార్డు చేయలేదు. వచ్చే వారం ఫోన్ చేయొచ్చు, ఆ పై వారం కూడా. పది గంటలకు ఒకరు గడ్డం గీసుకుని కూర్చుంటారు. ఆ రోజు ఆమె ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగించలేదు. తను రాయకపోతే ఆ ముసలివాళ్ళు పనిచేస్తుందో లేదో తెలియని మాత్ర మింగుతూ పోతారు, ఇంకో ఏడాది, రెండేళ్ళు. తర్వాత ఊళ్ళో డాక్టర్లు అదే మాత్ర ఇంకెందరికో రాస్తారు. తను అన్న అయ్యోలకి మందు పేరు పెట్టి.

నాలుగో రోజు ఉదయం ఆమె ఐసీయూ కింద మెట్ల దగ్గర ప్రొఫెసరు కోసం నిలబడింది. ఆయన బయటికి వచ్చి, రెండు మీటర్ల అవతల గోడకు ఆనుకుని, విన్నారు. మధ్యలో అడ్డు రాలేదు. మాస్కు మీద కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎన్నిసార్లు అన్నారు?"

"లెక్కపెట్టలేదు సర్. లెక్కపెట్టే ధ్యాస ఉంటే అనేదాన్నే కాదు."

"ఒక్క అయ్యోకి నాలుగేళ్ళ పని పోతుందాండీ?"

"నాలుగేళ్ళది పోదు సర్. అయిదు నెలలది పోతుంది. అయితే అది పోతే మిగతాది నిలబడదు."

ఆయన, "మీకు తెలుసా, నేను లోపల రోజంతా అయ్యో అంటూనే ఉన్నాను. అది ఎవరికీ పనిచేయడం లేదు" అన్నారు. నవ్వబోయారు గానీ అది దగ్గులోకి దిగింది. "రాయండి. రాయొద్దంటే మాత్రం మీరు ఊరుకుంటారా? గడియారమ్మ కదా."

ఆయనకు కూడా ఆ పేరు తెలుసని ఆమెకు అప్పుడే తెలిసింది.

* * *

ఆమె ఇచ్చిన ఫారం చూసి, పరిశోధనల పర్యవేక్షణ సంఘం మూడు వారాల్లో తేల్చేసింది. ఫోన్లో సేకరించిన మార్కులు పక్కన పెట్టాలి. అవి లేకుండా పరిశోధనకు లెక్క చాలదు. ఈ పరిస్థితుల్లో కొత్తవాళ్ళను చేర్చే వీలు లేదు. కనుక మూసేయాలి. ఉత్తరంలో ఎవరినీ తప్పు పట్టలేదు. "సిబ్బంది నిజాయితీగా తెలియజేసినందుకు" అని ఒక వాక్యం ఉంది. ఆమె ఉద్యోగం నెలాఖరు దాకా.

ప్రతి ఒక్కరికీ ఆఖరి ఫోన్ ఒకటి చేయాలి. సంఘం రాసిచ్చిన పేరా చదవాలి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టించాలి, పద్దెనిమిది ప్రశ్నలు చివరిసారి అడగాలి. ఫైళ్ళు సీలు వేశాక అందులోని ఫోన్ నంబర్లు ఎవరూ సొంతానికి వాడకూడదు. ఆ నియమం కింద ఆమె సంతకం పెట్టి తొమ్మిదేళ్ళయింది.

వరసగా నలభై రెండుమందికి చేసింది. ఆఖరి గురువారం పది గంటలకు మాస్టారు మిగిలాడు. నడవాలో ఆసుపత్రివాళ్ళు రసాయనం చల్లి చల్లి పసుపు టేపు అంచులు లేచిపోయి ఉన్నాయి. ఆమె తలుపు మూసి, మొదలైన సమయం రాసింది.

"నంబరు ముప్పయ్యొకటేనా అండీ?"

"ఇవాళతో విడుదలంటగా. పక్కింటావిడచేత ఉత్తరం చదివించుకున్నాను."

ఆమె పేరా చదివింది. మీరు సమయం వెచ్చించినందుకు ధన్యవాదాలు, మీ వల్ల ఎంతో తెలుసుకున్నాం. ఎక్కడా ఆగకుండా చదివింది. మాత్రలు లెక్కపెట్టమంది. ఎడమచేత్తో ఒక్కొక్కటే పళ్ళెంలో వేస్తున్న చప్పుడు వినిపించింది. పదకొండు.

"మాస్టారూ, ఇప్పుడు ప్రశ్నలు. ఈసారి నాకోసం చెప్పొద్దు."

"మార్కులు ఎటూ చెత్తబుట్టలోకేగా. ఎలా చెబితే ఏం?"

"అయినా."

"సరే" అన్నాడు మాస్టారు, అచ్చం ఆమెలాగే.

"గత ఏడు రోజుల్లో నిద్ర ఎలా పట్టింది?"

"ఒకటి. తెల్లవారుజామున కాస్త పడుతుంది."

"సరే. ఆకలి?"

"ఒకటి. ఆవిడ బాధపడుతుందని తింటాను."

"సరే. బయటికి ఎన్నిసార్లు వెళ్ళారు?"

"సున్నా. మొన్న వీధి తెరిచారు. మెట్టు దాకా వెళ్ళాను, కూర్చోబుద్ధి కాలేదు. ఎదుటి కొట్టాయన పోయాడు. ఆ తాళం అలాగే ఉంది."

అయ్యో అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపింది.

"సరే. గత ఏడు రోజుల్లో మీ మనసెలా ఉంది?"

"సున్నా తల్లీ."

"సరే."

ఆ "సరే" ముందటి వాటిలాగే వచ్చింది. ఎత్తూ లేదు, దిగుడూ లేదు. అవతల మాస్టారు ఒక్క క్షణం ఆగాడు, చెవి పెట్టి వింటున్నట్టు. తర్వాత మిగతావన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాడు. సున్నా, ఒకటి, సున్నా, సున్నా. ఆమె రాసుకుంటూ వచ్చింది. ఆ మొదటి అయ్యో తర్వాత ఆయన ఆమెకు చెప్పిన నిజం మార్కులన్నీ ఆ పావుగంటలోనే ఉన్నాయి.

"పద్దెనిమిదోది. గత ఏడు రోజుల్లో మనసు విప్పి మాట్లాడడానికి మీకు ఎవరైనా ఉన్నారా?"

"నిన్ను లెక్కపెట్టకూడదు కదూ?"

"కూడదండీ."

"అయితే సున్నా."

"సరే" అని ఆమె సున్నా వేసింది. గుండ్రంగా, అంచు కలిసేలా.

ప్రశ్నలు అయిపోయాయి. కాగితం కింద ముగిసిన సమయం అన్న గడి ఒక్కటే మిగిలింది. ఆమె గోడ గడియారం చూసింది. పదీ పంతొమ్మిది. కలం గడి మీద ఆనించింది గానీ అంకె వేయలేదు. అవతల మాస్టారు ఫోన్ పెట్టలేదు. ఊపిరి వినిపిస్తోంది, వెనక ఎక్కడో నీళ్ళ చుక్కలు పడుతున్న చప్పుడు. ఆమె కూడా ఫోన్ పెట్టలేదు.

పదీ ఇరవై. పదీ ఇరవై ఒకటి.

గడి ఖాళీగానే ఉంది.